పనిచేయుచున్న కంప్యూటరుకు పునాది మార్చుట

కంప్యూటరు అనగానే మనకు తోచునవి దాని పెట్టె, తెర, మీటల పలక. కాని ఆ యంత్రముచేత పని చేయించునది కంటికి కనబడదు. మీట నొక్కినపుడు అక్షరమును తెరపై చూపుట, డిస్కులోని ఫైలును వెదకి తెచ్చుట, నాలుగు ప్రోగ్రాములు ఒకేసారి నడచునపుడు వాటికి జ్ఞాపకస్థానమును పంచియిచ్చుట, ప్రింటరుకు పని అప్పగించుట, ఈ కార్యములన్నిటిని ఒక పెద్ద ప్రోగ్రాముల సముదాయము నిర్వహించుచున్నది. దానిని ఆపరేటింగ్ సిస్టం, లేక నిర్వహణ వ్యవస్థ, అందురు. విండోస్ అట్టి వ్యవస్థలలో ఒకటి. లినక్స్ మరియొకటి.

ఈ వ్యవస్థ ఒకసారి నిర్మించి విడిచిపెట్టునది కాదు. వాడుచున్నకొలది దానిలో లోపములు బయటపడుచుండును. కొత్త యంత్రభాగములు బజారులోనికి వచ్చుచుండును. కాబట్టి కొన్ని ఏండ్లకొకసారి మొత్తము వ్యవస్థకు కొత్త విడుదల వెలువడును. పాత విడుదలనుండి కొత్త విడుదలకు మారుటనే అప్‌గ్రేడు అని వ్యవహరింతురు. ఇది వినుటకు చిన్న పనివలె తోచును. కాని ఆలోచించి చూడుడు. ఒక ఇంటిలో మనము కాపురముండగనే దాని గోడలను, దూలములను, పునాది రాళ్లను ఒకదాని వెంట ఒకటి మార్చవలెను. ఇల్లు కూలరాదు. ఇంటిలోని సామాను చెడరాదు. ఇది ఎట్లు సాధ్యమగుచున్నది? ఎచ్చట జాగ్రత్త వహింపవలెను? ఎవరు మారవలెను, ఎవరు మారకూడదు? డెబియన్ అను లినక్స్ వ్యవస్థను ఉదాహరణముగా తీసికొని ఈ ప్రశ్నలకు సమాధానములు చూతము.

డెబియన్ అనగా నేమి?

ఎవరైనను చదివి, మార్చి, పంచుకొనదగిన నిర్వహణ వ్యవస్థ నొకదానిని నిర్మింపవలెనని 1983 సెప్టెంబరులో రిచర్డ్ స్టాల్‌మన్ అమెరికాలో గ్నూ ప్రణాళికను ప్రకటించెను. 1991 ఆగస్టులో ఫిన్లాండు దేశపు హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ తాను వ్రాయుచున్న కెర్నల్‌ను గూర్చి తెలియజేసెను. కెర్నల్ అనగా వ్యవస్థ నడిబొడ్డున ఉండు గింజ వంటి భాగము. యంత్రభాగములతో నేరుగా మాటలాడునది అదియే. నిజమునకు లినక్స్ అను పేరు ఈ గింజకే చెల్లును. గింజ ఒక్కటి ఉన్నంతమాత్రమున వాడుకరికి ప్రయోజనము లేదు. దాని చుట్టు వందల కొలది ఇతర ప్రోగ్రాములను అమర్చి, ఒకదానితో ఒకటి పొసగునట్లు చూచి, ప్రజలకు అందజేయువారు కావలెను. అట్లు అందజేయబడు మొత్తమును పంపిణీ, లేక డిస్ట్రిబ్యూషన్, అందురు.

అట్టి పంపిణీలలో మిక్కిలి పాతవాటిలో డెబియన్ ఒకటి. ఇయాన్ మర్డాక్ అను అమెరికన్ విద్యార్థి 1993 ఆగస్టు 16న దీనిని ప్రకటించెను. డెబ్రా అను ఆమె పేరును, ఇయాన్ అను తన పేరును కలిపి అతడు డెబియన్ అని నామకరణము చేసెను. నేటికిని దీనిని నడుపువారు లోకమంతట వ్యాపించియున్న స్వచ్ఛంద కార్యకర్తలే. మనదేశమున పలువురు వాడుచున్న ఉబుంటు 2004లో డెబియన్ ఆధారముగనే పుట్టినది. కాబట్టి ఈ వ్యాసమునందు చెప్పు సూత్రములలో పెక్కు ఉబుంటుకును వర్తించును.

డెబియన్ విడుదలలకు అంకెతోపాటు ఒక ముద్దుపేరు కూడ ఉండును. ఈ పేర్లను 'టాయ్ స్టోరీ' చలనచిత్రములలోని బొమ్మల పేర్లనుండి తీసికొనుట ఆచారము. 2023 జూన్ 10న వెలువడిన 12వ విడుదల పేరు బుక్‌వర్మ్. 2025 ఆగస్టు 9న వెలువడిన 13వ విడుదల పేరు ట్రిక్సీ. మనము చూడబోవునది మొదటిదానినుండి రెండవదానికి సాగు ప్రయాణము.

విడుదల ఎట్లు సిద్ధమగును?

డెబియన్‌లో మూడు మెట్లు కలవు. కార్యకర్తలు తయారుచేసిన కొత్త ప్రోగ్రాము మొదట 'అస్థిర' శాఖలోనికి పోవును. దీని పేరు సిడ్. ఆ చలనచిత్రమున బొమ్మలను విరుగగొట్టు కుర్రవాని పేరును దీనికి పెట్టుట చమత్కారము. అచ్చట కొన్ని దినములుండి, తీవ్రమైన దోషము లేవియు బయటపడనిచో, ఆ ప్రోగ్రాము 'పరీక్షా' శాఖలోనికి పోవును. రమారమి రెండేండ్లకొకసారి ఈ పరీక్షా శాఖను స్తంభింపజేయుదురు. అనగా కొత్త ప్రోగ్రాములను చేర్చుట క్రమముగా మానివేసి, ఉన్నవాటి దోషములను దిద్దుటయందే శ్రద్ధ వహింతురు. ట్రిక్సీ విషయమున ఈ స్తంభన 2025 మార్చిలో మొదలై మెట్టుమెట్టుగా బిగిసి, ఆగస్టులో విడుదలతో ముగిసినది. అట్లు ముగిసిన శాఖకు 'స్థిర' విడుదల అని పేరు.

ఇచ్చట 'స్థిర' అను మాట అర్థమును గమనింపవలెను. ఎన్నడును చెడనిది అని దాని భావము కాదు. మారనిది అని భావము. స్థిర విడుదలలోని ప్రోగ్రాములకు భద్రతా లోపములు, తీవ్ర దోషములు మాత్రము దిద్దబడును. కొత్త సదుపాయములు సాధారణముగా చేర్చబడవు. నేడు పనిచేసిన విధముగనే రేపును పనిచేయునను నమ్మకమే దాని విలువ. ఆ నమ్మకమునకు వెల కూడ కలదు. మారవలసినవన్నియు పోగుపడి, రెండు మూడేండ్లకొకసారి ఒక్కుమ్మడిగా మారును. ట్రిక్సీలో మొత్తము 69,830 ప్యాకేజీలు కలవు. వాటిలో 14,100కు పైగా కొత్తవి. పాతబడినవని తొలగింపబడినవి 8,840కి పైగా కలవు. కెర్నల్ 6.1 నుండి 6.12కు మారినది. అప్‌గ్రేడు పెద్ద పనియగుటకు కారణమిదియే.

పాతదానిలోనే ఉండిపోరాదా?

పనిచేయుచున్న యంత్రమును కదలింప నేల అని కొందరు అడుగుదురు. సహేతుకమైన ప్రశ్నయే. సమాధానము భద్రతకు సంబంధించినది. ఒక ప్రోగ్రాములో లోపము కనుగొనబడినపుడు దానిని దిద్ది, ఆ వివరమును బహిరంగముగా ప్రకటింతురు. ఆ ప్రకటన యజమానులకు చేరినట్లే దొంగలకును చేరును. ఫలానా రకపు తాళము ఫలానా విధముగా తెరచుకొనునని ఊరంతట దండోరా వేసిన పిమ్మట, ఆ తాళమును మార్చుకొనని ఇంటికి ముప్పు మునుపటికన్న హెచ్చును. కావున ఆదరణ ముగిసిన వ్యవస్థ నిన్నటివలె పనిచేయుచున్నట్లే కనబడినను, దినదినమునకు బలహీనమగుచుండును. ఈ బలహీనత తెరపై కనబడదు. అందువలననే అది ప్రమాదకరము.

డెబియన్ ప్రతి స్థిర విడుదలను మూడేండ్లపాటు పూర్తిగా పోషించును. ఆ పిమ్మట మరి రెండేండ్లు దీర్ఘకాల పోషణ అను పేరున వేరొక బృందము భద్రతా సవరణల నిచ్చును. ఈ లెక్కన బుక్‌వర్మ్ పూర్తి పోషణకు హద్దు 2026 జూన్. దీర్ఘకాల పోషణకు హద్దు 2028 జూన్. ట్రిక్సీకి ఆ హద్దులు 2028 ఆగస్టు, 2030 జూన్. అనగా వాడుకరి తొందరపడి విడుదలనాడే మారనక్కరలేదు. కాని ఏండ్ల తరబడి ఉపేక్షించుటకును వీలులేదు.

ప్యాకేజీలు, వాటి బాంధవ్యములు

లినక్స్‌లో ప్రతి ప్రోగ్రాము ఒక పొట్లముగా కట్టబడి వచ్చును. దీనినే ప్యాకేజీ అందురు. పొట్లములో ప్రోగ్రాము ఫైళ్లతోపాటు ఒక చీటీ ఉండును. నా పేరిది, నా సంఖ్యయిది, నేను పనిచేయుటకు ఫలానా ప్యాకేజీలు కావలెను, ఫలానాదానితో నాకు పొసగదు అని ఆ చీటీలో వ్రాసియుండును. బొమ్మలు చూపు ప్రోగ్రాముకు బొమ్మల భాషలు తెలిసిన వేరొక ప్యాకేజీ కావలెను. దానికి మరియొకటి కావలెను. ఇట్లు వెదకుచు పోగా దాదాపు అన్ని ప్రోగ్రాములకు అడుగున సి-గ్రంథాలయము అను ఒక పునాది ప్యాకేజీ కనబడును. సాధారణమైన గృహ కంప్యూటరులో వేయికి మించిన ప్యాకేజీలుండును. అవియన్నియు ఈ బాంధవ్యములతో వలవలె అల్లుకొనియుండును.

ఏ క్రమమున ఏవి మార్చినచో ఈ వల తెగకుండును? దీనిని నిర్ణయించునది ఆప్ట్ అను ప్రోగ్రాము. అది చీటీలన్నిటిని చదివి, పొసగునవి, పొసగనివి లెక్కవేసి, ఒక ప్రణాళిక గీయును. పెండ్లివిందులో ఎవరిని ఎవరిప్రక్క కూర్చుండబెట్టవలెనో నిర్ణయించుట వంటిది ఈ సమస్య. నలుగురైన సుళువు; వేయిమందియైన కష్టము. గణితశాస్త్రమున దీనిని ఎన్.పి. సంపూర్ణ సమస్యల కోవలో చేర్చినారు. అనగా అన్ని సందర్భములలోను త్వరగా సమాధానమిచ్చు పద్ధతి ఇంతవరకు ఎవరికిని లభింపలేదు. ఐనను నిజజీవితమున ఎదురగు వలలు చాలవరకు క్రమముగా ఉండుటవలన ఆప్ట్ కొద్ది క్షణములలో సమాధానము తేగలుగుచున్నది. వాడుకరి బయటి తావులనుండి తెచ్చిన ప్యాకేజీలు ఎక్కువైనకొలది ఈ క్రమము చెడి, సమస్య చిక్కుపడును.

ట్రిక్సీలో ఈ బాంధవ్యములను కదిలించిన ఒక పెద్ద మార్పు కలదు. యునిక్స్ జాతి వ్యవస్థలు కాలమును 1970 జనవరి 1నుండి గడచిన సెకండ్ల సంఖ్యగా లెక్కించును. పూర్వము ఈ సంఖ్యకు 32 బిట్ల స్థలము కేటాయించిరి. అందులో ఒకటి ధన ఋణ చిహ్నమునకు పోగా, ఇముడు గరిష్ఠ సంఖ్య 2,147,483,647. ఆ సంఖ్య 2038 జనవరి 19న, భారత కాలమానము ప్రకారము ఉదయము 8 గంటల 44 నిమిషముల 7 సెకండ్లకు నిండిపోవును. ఆ మరుక్షణమున గడియారము వెనుకకు, 1901కి, పోవును. దీనిని నివారించుటకై 32 బిట్ల యంత్రములలోను కాలమునకు 64 బిట్ల స్థలమును ఇచ్చుటకు డెబియన్ పూనుకొన్నది. పాత 32 బిట్ల పి.సి. రకము తప్ప తక్కిన రకము లన్నిటిలో ట్రిక్సీ ఈ మార్పును సాధించినది. దీనికై ఎన్నో గ్రంథాలయ ప్యాకేజీల పేర్ల చివర 'టి64' అను గుర్తు చేర్చవలసి వచ్చినది. అప్‌గ్రేడు వేళ ఈ పేర్లు తెరపై కనబడినచో కంగారుపడ నవసరము లేదు.

ఇల్లు కూలకుండుటకు కారణము

వాడుకలో ఉన్న ఫైలును మార్చినచో దానిని వాడుచున్న ప్రోగ్రాము చెడదా? ఇచ్చట యునిక్స్ వ్యవస్థలలోని ఒక చక్కని ఏర్పాటును గ్రహింపవలెను. ఫైలు పేరు వేరు. ఫైలులోని విషయము వేరు. పేరు అనునది విషయము ఉన్న తావును చూపు చీటీ మాత్రమే. కొత్త ఫైలు వచ్చినపుడు వ్యవస్థ పాత విషయముపై తుడిచి వ్రాయదు. కొత్త విషయమును డిస్కులో మరియొక తావున పూర్తిగా వ్రాసి, అది భద్రముగా చేరినదని నిశ్చయించుకొని, పిమ్మట పేరును ఒక్క క్రియతో కొత్త తావుకు మళ్లించును. ఈ మళ్లింపు జరిగినట్లో జరుగనట్లో ఉండును గాని సగము జరిగిన స్థితి ఉండదు. పాత విషయమును అప్పటికే తెరచి చదువుచున్న ప్రోగ్రాము దానినే చదువుచుండును. ఆ ప్రోగ్రాము ముగిసిన పిమ్మటనే పాత విషయపు స్థలము ఖాళీ యగును.

కెర్నల్ మాట వేరు. అది యంత్రము మొదలైనపుడే జ్ఞాపకములోనికి ఎక్కి కూర్చుండును. కొత్త కెర్నల్ డిస్కుకు చేరినను, యంత్రమును ఆపి మరల మొదలిడువరకు పాతదియే పాలించును. పాత కెర్నల్‌ను వెంటనే తొలగింపరు. కొత్తది మొరాయించినచో, యంత్రము మొదలగునపుడు కనబడు పట్టికలో పాతదానిని ఎన్నుకొనవచ్చును. నది దాటినవెంటనే పడవను తగులబెట్టకుండుట వంటిది ఈ జాగ్రత్త.

ఇక దారిలో ఎవరైన కల్తీ పొట్లమును చొప్పించినచో? విడుదల పట్టికపై డెబియన్ వారి గూఢలిపి సంతకముండును. ఆ పట్టికనుండి ప్రతి ప్యాకేజీ వేలిముద్ర వంటి ఒక సంఖ్యను రాబట్టవచ్చును. దిగిన ప్యాకేజీనుండి ఆ సంఖ్యను మరల లెక్కకట్టి, సరిపోలనిచో ఆప్ట్ దానిని తిరస్కరించును.

ఎవరు మారకూడదు?

ఇది ముఖ్యమైన హెచ్చరిక. పూర్వపు 32 బిట్ల పి.సి. యంత్రములకు ట్రిక్సీలో పూర్తి స్థానము లేదు. వాటికి కెర్నల్ గాని, ప్రతిష్ఠాపన సామగ్రి గాని అందులో లేవు. 32 బిట్ల వ్యవస్థ నడచుచున్న యంత్రమును ట్రిక్సీకి అప్‌గ్రేడు చేయరాదని డెబియన్ విడుదల పత్రములు స్పష్టముగా చెప్పుచున్నవి. పాత యంత్రములతో నెట్టుకొనివచ్చు పాఠశాలలకు, గ్రంథాలయములకు, చిన్న కళాశాలల ప్రయోగశాలలకు ఇది సామాన్య విషయము కాదు. లినక్స్ పాత యంత్రములకు ప్రాణము పోయునను నమ్మికతోనే వారు దానిని చేపట్టిరి.

ఐనను నిరాశపడుటకు ముందు ఒక పరీక్ష చేయవలెను. యంత్రము 32 బిట్లదా, లేక 64 బిట్ల యంత్రముపై 32 బిట్ల వ్యవస్థ నెక్కించినారా? ఈ రెండును వేరు. పూర్వము జ్ఞాపకము తక్కువయని, ఉన్న సి.డి. అదియేయని 64 బిట్ల యంత్రములలో సైతము 32 బిట్ల వ్యవస్థను ఎక్కించుట కలదు. టెర్మినల్ తెరచి 'ఎల్‌ఎస్‌సీపీయూ' అను ఆజ్ఞ నిచ్చినచో ప్రాసెసరు ఏయే విధములుగా పనిచేయగలదో తెలియును. అందు 64 బిట్లు అని కనబడినచో ఆ యంత్రమునకు ఇంకను ఆయుర్దాయము కలదు. కాని దానికి అప్‌గ్రేడు పనికిరాదు. సొంత ఫైళ్లను వేరొకచోట దాచుకొని, 64 బిట్ల ట్రిక్సీని మొదటినుండి ప్రతిష్ఠింపవలెను. 32 బిట్లు మాత్రమే అని తేలినచో ఆ యంత్రమును ఇంటర్నెట్టుకు దూరముగా, టైపు అభ్యాసము వంటి పనులకు ఉంచుకొనుట మేలు.

మరియొక నియమము. డెబియన్‌లో ఒక మెట్టును దాటవేయరాదు. 11వ విడుదల వాడువారు మొదట 12కు, పిమ్మట 13కు రావలెను. పాత పేరునుండి కొత్త పేరుకు దారిచూపు తాత్కాలిక ప్యాకేజీలను ఒక విడుదల కాలము ఉంచి, తరువాత తీసివేయుదురు. మెట్టు దాటవేసినవానికి ఆ దారి కనబడదు. అట్లే 13నుండి 12కు వెనుకకు దిగు మార్గమును డెబియన్ ఏర్పరుపలేదు. ఎక్కుట ఒకే వైపునకు.

బయలుదేరుటకు ముందు

మొదటిది, నకలు. వెనుకకు దారి లేదు కనుక ఇది విధిగా చేయవలసిన పని. 'హోం' అను విభాగమున మీ సొంత పత్రములు, ఫొటోలు, విద్యార్థుల ప్రాజెక్టులు ఉండును. 'ఈటీసీ' అను విభాగమున వ్యవస్థ అమరికలుండును. ఈ రెంటిని వేరొక డిస్కులోనికి నకలు తీయవలెను. తీసి ఊరకుండరాదు. నకలునుండి ఒకటి రెండు ఫైళ్లను మరియొక యంత్రములో తెరచి చూడవలెను. తెరచి చూడని నకలును నకలుగా లెక్కింపరాదు.

రెండవది, స్థలము. వేయికి పైగా ప్యాకేజీలు దిగి, విప్పుకొనవలెను. డిస్కులో చోటు మధ్యలో చాలనిచో పని నిలిచిపోవును. కెర్నల్ నివసించు 'బూట్' విభాగము విడిగా ఉన్నవారు దానిని ప్రత్యేకముగా చూచుకొనవలెను. అది 768 మెగాబైట్లకు తక్కువ కాకుండ, అందులో 300 మెగాబైట్లు ఖాళీగా ఉండుట మంచిదని విడుదల పత్రములు సూచించుచున్నవి.

మూడవది, ఉన్న ఇంటిని చక్కబెట్టుట. బుక్‌వర్మ్‌కు వచ్చిన సవరణలన్నిటిని ముందుగా ఎక్కించుకొనవలెను. సగము ఎక్కి ఆగిన ప్యాకేజీలు, మారకుండ పట్టియుంచిన ప్యాకేజీలు ఉన్నచో సరిచేయవలెను. డెబియన్‌కు వెలుపలి తావులనుండి తెచ్చుకొన్న ప్యాకేజీల చిరునామాలను తాత్కాలికముగా మూసివేయవలెను.

నాలుగవది, విద్యుత్తు. బల్లమీది కంప్యూటరైనచో యు.పి.ఎస్. ఉండవలెను; అది ఎంతసేపు నిలుచునో ముందే చూచుకొనవలెను. ల్యాప్‌టాప్ ఐనచో బ్యాటరీ నిండియుండి, చార్జరు తగిలించియుండవలెను. పరీక్షల ముందుదినమున, గాలివానల వేళ ఈ పనికి పూనుకొనరాదు.

ఐదవది, అనుభవజ్ఞులు సైతము మరచునది, విడుదల పత్రములను చదువుట. ఏయే మార్పులవలన ఎవరికి చిక్కు కలుగునో కార్యకర్తలు అందులో వివరముగా వ్రాసియుంచినారు.

మారు విధానము

ఆజ్ఞల పేర్లను ఇచ్చట తెలుగు లిపిలో చూపుచున్నాము. యంత్రమునకు ఇచ్చునపుడు వాటిని ఆంగ్లాక్షరములలో టైపు చేయవలెను. అప్‌గ్రేడు మధ్యలో కిటికీలతో కూడిన తెర ఆగిపోవుట కలదు కాబట్టి, కంట్రోలు, ఆల్ట్, ఎఫ్3 మీటలను కలిపి నొక్కి, అక్షరముల తెరకు పోయి పనిచేయుట క్షేమము.

ముందుగా ఆప్ట్ ప్యాకేజీలను ఎచ్చటనుండి తెచ్చుకొనవలెనో తెలుపు 'సోర్సెస్' ఫైళ్లలో బుక్‌వర్మ్ అను పేరు ఉన్న ప్రతిచోట ట్రిక్సీ అని మార్చవలెను. భద్రతా సవరణల పంక్తిని మరువరాదు. పిమ్మట 'ఆప్ట్ అప్‌డేట్' అను ఆజ్ఞ నిచ్చినచో కొత్త విడుదల చీటీల పట్టిక దిగును. ఇంతవరకు ప్యాకేజీలేవియు మారలేదని గ్రహింపవలెను.

అటుపిమ్మట రెండు విడతలు. మొదటి విడతలో, కొత్త ప్యాకేజీలను చేర్చకుండ, ఉన్నవాటిని తొలగించకుండ, మార్చగలిగినవాటిని మాత్రము మార్చుమని 'ఆప్ట్ అప్‌గ్రేడ్' ఆజ్ఞకు షరతు పెట్టవలెను. రెండవ విడతలో 'ఆప్ట్ ఫుల్-అప్‌గ్రేడ్' ఆజ్ఞ నీయవలెను. ఇదియే అసలు మార్పు. ఇందులో పాత ప్యాకేజీలు కొన్ని తొలగును, కొత్తవి వచ్చును. ఒక్కసారిగా రెండవ విడతకు దూకినచో కొన్ని యంత్రములలో మనకు కావలసిన ప్యాకేజీలు పెక్కు తొలగిపోవచ్చును. అందుకే ఈ రెండు మెట్లు. పని మొదలిడుటకు ముందు ఆప్ట్ తొలగింపబోవు ప్యాకేజీల జాబితాను చూపి, సమ్మతి అడుగును. ఆ జాబితాను తప్పక చదువవలెను. మీరు దినమును వాడు ప్రోగ్రాముల పేర్లు అందులో గుంపుగా కనబడినచో, కాదని చెప్పి, కారణమును వెదకవలెను.

మధ్యలో కొన్ని ప్రశ్నలు వచ్చును. ఫలానా అమరిక ఫైలును మీరు మార్చినారు. ప్యాకేజీ చేసినవారును మార్చినారు. ఎవరిది ఉంచవలెను అని అడుగును. మీరు మార్చని ఫైళ్లను గూర్చి అది అడుగదు. పూర్వము తానిచ్చిన ఫైలు వేలిముద్రను అది దాచియుంచి, నేటి ఫైలుతో పోల్చి చూచును. రెండును ఒకటియైనచో కొత్తదానిని నిశ్శబ్దముగా పెట్టును. సమాధానము తోచనిచో మీదానినే ఉంచుమని చెప్పవచ్చును. అపుడు వారిది ప్రక్కన వేరొక పేరుతో ఉండును. పిమ్మట తీరికగా రెంటిని పోల్చి చూచుకొనవచ్చును.

నడుమ ఆగినచో

ఇంత జాగ్రత్త పడినను కరెంటు పోవచ్చును. అపుడు అంతయు పోయినదని తలచి మొదటినుండి ప్రతిష్ఠించుటకు పరుగెత్తరాదు. ప్యాకేజీలను విప్పి అమర్చునది డి.పి.కె.జి. అను ప్రోగ్రాము. అది ప్రతి ప్యాకేజీ ఏ దశలో ఉన్నదో ఎప్పటికప్పుడు ఒక దస్త్రములో వ్రాసికొనుచుండును. విప్పబడినది, సగము అమర్చబడినది, పూర్తియైనది అని గుర్తులుండును. కరెంటు వచ్చిన పిమ్మట యంత్రమును మొదలిడి, సగములో ఆగినవాటిని పూర్తిచేయుమని డి.పి.కె.జి.కి ఆజ్ఞ నిచ్చి, ఆపై 'ఆప్ట్ ఫుల్-అప్‌గ్రేడ్' మరల ఇచ్చినచో పెక్కు సందర్భములలో ఆగినచోటినుండి పని సాగును. కొత్త కెర్నల్ లేవనిచో పట్టికలోని పాతది ఉన్నది. అదియు లేవనిచో ముందే తయారుచేసియుంచుకొన్న యు.ఎస్.బి. నుండి యంత్రమును లేపి మరమ్మతు చేయవచ్చును. దేనికిని లొంగనిచో అపుడు నకలు అక్కరకు వచ్చును.

మారిన పిమ్మట

పని ముగిసిన తరువాత యంత్రమును ఆపి మరల మొదలిడవలెను. అప్పుడే కొత్త కెర్నల్ పాలనకు వచ్చును. వైఫై, ధ్వని, ప్రింటరు పనిచేయుచున్నవో లేదో చూడవలెను. ఒకటి రెండు దినములు వాడి, అంతయు సరిగా ఉన్నదని తోచిన పిమ్మట, ఇక అవసరము లేని పాత ప్యాకేజీలను తొలగింపవచ్చును.

ట్రిక్సీలో అలవాటు మార్చుకొనవలసిన సంగతి యొకటి కలదు. 'టెంప్' అను తాత్కాలిక విభాగము ఇందులో డిస్కుపై గాక జ్ఞాపకములో ఉండును. కావున యంత్రమును ఆపినచో అందులోని ఫైళ్లు నశించును. తాత్కాలికమని పేరున్నను ముఖ్యమైన పనిని అందులో దాచుకొను అలవాటు కొందరికి కలదు. వారు మారుటకు ముందే ఆ ఫైళ్లను 'హోం' విభాగమునకు చేర్చుకొనవలెను.

తెలుగు వాడువారు మరి రెండు సంగతులు చూచుకొనవలెను. మొదటిది అక్షరరూపములు. డెబియన్‌లో 'ఫాంట్స్-తెలు' అను ప్యాకేజీ లోహిత్‌తోపాటు, తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన ఫాంట్లను తెచ్చును. అవి ఉన్నవో లేవో చూడవలెను. రెండవది టైపు చేయు పద్ధతి. ఐబస్ అను ప్రోగ్రాములో మీరు వాడు ఇన్‌స్క్రిప్ట్ మొదలగు అమరిక నిలిచియున్నదో లేదో ఒక వాక్యము టైపు చేసి పరీక్షింపవలెను. యూనికోడ్‌లో వ్రాసిన పత్రములకు ఫాంటు మారినను భయములేదు. ప్రతి తెలుగు అక్షరమునకు అందు స్థిరమైన సంఖ్య కలదు. కాని యూనికోడ్ రాకముందు నాటి డి.టి.పి. ఫాంట్లతో కూర్చిన పత్రములు ఆ ఫాంటు ఫైలు లేనిచో అర్థము లేని గుర్తులుగా కనబడును. అట్టి పత్రములు కలవారు ఆ ఫాంట్లను నకలులో విడిగా భద్రపరచుకొనవలెను.

ఇప్పటివరకు చెప్పినదానిని క్రోడీకరించినచో నిర్ణయము కష్టము కాదు. యంత్రము, దానిపైనున్న వ్యవస్థ 64 బిట్లవై, నకలు తీసి తెరచి చూచి, డిస్కులో చోటుండి, కరెంటుకు హామీ ఉన్నచో, ఒక సెలవుదినమున నిశ్చింతగా మారవచ్చును. వీటిలో ఏ ఒక్కటి లేకున్నను అది సమకూరువరకు ఆగవలెను. కొన్ని వారములు ఆగుటవలన నష్టము లేదు. పోషణ హద్దు దాటినదాక ఆగుటవలననే నష్టము. ప్రయోగశాలలలో పలు యంత్రములున్నవారు మొదట ఒక్కదానిని మార్చి, వారము దినములు వాడి చూచి, పిమ్మట తక్కినవాటి జోలికి పోవుట ఉత్తమము. ఆ మొదటి యంత్రమునందు ఎదురైన ప్రతి ప్రశ్నను, దానికి ఇచ్చిన సమాధానమును ఒక కాగితముపై వ్రాసి పెట్టుకొనుడు. రెండవ యంత్రమునకును, తరువాత రాబోవు విడుదలకును ఆ కాగితమే మీకు దారి చూపును.